మా ఇల్లు అజాయబ్‌ఖానా అయినప్పుడు

మా ఇల్లు చూడడానికి నేను మొదటిసారి వెళ్ళేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. అంతకు ముందు అందులో ఉండేవాణ్ణి గానీ చూడలేదు. ఉండేవాళ్ళకు చూడడం కుదరదు. గోడకు పగులు కనిపిస్తే సున్నం వెయ్యాలనుకుంటారు, అటక మీద చప్పుడైతే ఎలుక అనుకుంటారు, అంతటితో సరి. చూడాలంటే బయటి నుంచి రావాలి, చేతులు వెనక్కి కట్టుకోవాలి, పక్కన ఒక జవాను కట్టె పట్టుకొని నిలబడాలి. ఈ వసతులన్నీ నాకు సిద్దిపేటలో, మా సొంత సందులో, ఒకే పూట సమకూరాయి.

మా బాపు, అంటే మా నాయిన, చిత్రకారుడు. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే బరువుగా ఉంది గానీ, ఆయన బతికున్నప్పుడు సందులో అందరూ 'బొమ్మలేసేటాయన' అనేవాళ్ళు. ఊరూరా తిరిగి కులపురాణాలు చెప్పే కథకులకు పటాలు రాసేవాడు. గజాల కొద్దీ ముతక గుడ్డ, దాని మీద చింతగింజల అంబలిలో సుద్ద కలిపిన పూత, ఆ పూత మీద ఎర్రటి రంగు, ఆ ఎరుపు మీద పై నుంచి కిందికి వరుసలు వరుసలుగా దేవుళ్ళు, రాజులు, ఏనుగులు. కథకుడు పటం విప్పుకుంటూ పోతే కథ ముందుకు నడుస్తుంది. కొన్నాళ్ళకు ఒక దేశముఖు తన బొమ్మ వెయ్యమని పిలిపించాడు. బాపు ఆయన మీసాన్ని ఉన్నదానికంటే బెత్తెడు ఎక్కువ వేశాడు. ఆయన ఆ మీసాన్ని చూసుకొని మిగతా బొమ్మను క్షమించాడు. ఆ తర్వాత ఊరి బయట గుడారాలు వేసుకున్న ఒక తెల్ల దొరసాని ఒక పటం కొనుక్కుపోయింది. అది బొల్లారంలో ఒక బంగళా గోడకు వేలాడుతోందని తెలిసిన నాటి నుంచి, మా బాపు గొప్పవాడని తాలూకా కచేరీకి తెలిసింది. మా సందుకు తెలియడానికి ఇంకొంత కాలం పట్టింది. మా అవ్వకు, అంటే అమ్మకు, తెలిసిందో లేదో ఇప్పటికీ చెప్పలేను.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఒక ఎండాకాలం, ఆయన పోయాడు. నేను పట్నంలో కాలేజీలో ఉన్నాను. కబురు తెచ్చిన మనిషితోనే బస్సెక్కాను. అప్పటి బస్సులు బొగ్గుతో నడిచేవి. ఎక్కుడు వచ్చినప్పుడల్లా మగవాళ్ళందరూ దిగి నెట్టాలి. ఇంటి దగ్గర బాపును వాకిట్లో పడుకోబెట్టి నా కోసం చూస్తున్నారని తెలిసి, నేను బస్సును నెట్టుకుంటూ వచ్చాను. అప్పుడు నీకు ఏమనిపించిందని తర్వాత చాలామంది అడిగారు. భుజం నొప్పి అనిపించింది.

కొడుకు చెయ్యవలసినవన్నీ చేశాను. నిప్పు పెట్టాను, గుండు చేయించుకున్నాను, పిండాలు పెట్టాను. ఏడుపు మాత్రం రాలేదు. 'గట్టి గుండె' అన్నారు చుట్టాలు. గట్టీ లేదు, మెత్తనా లేదు. కాలు మడిచి చాలాసేపు కూర్చుంటే తిమ్మిరి ఎక్కుతుంది చూడండి, గిల్లినా తెలియదు, అట్లాంటిది ఒకటి ఛాతీ అంతా ఎక్కింది. తిమ్మిరి దిగేటప్పుడు సూదులు గుచ్చినట్టు ఉంటుందని తెలుసు కాబట్టి, కదలకుండా ఉండడమే మేలనుకున్నాను.

అప్పుడు పంతులు పంచాంగం చూసి కొత్త సంగతి చెప్పాడు. బాపు పోయిన గడియ మంచిది కాదట.

"ధనిష్ఠల పోయిండు తల్లీ," అన్నాడు అవ్వతో. "ఆరు నెల్లు ఇల్లు విడవాలె."

చెడు నక్షత్రంలో మనిషి పోతే ఆ దోషం ఇంటికి పడుతుందని మా దిక్కు నమ్మకం. ఇంటివాళ్ళు ఇల్లు ఖాళీ చేసి, వాకిలికి ముళ్ళ కంప అడ్డం పెట్టి, గడువు తీరేదాకా గడప తొక్కకుండా ఉండాలి. ఎక్కడి వస్తువు అక్కడే ఉండాలి, కట్టుబట్టలతో బయటికి రావాలి. గడువు తీరినరోజు శాంతి చేయించి, ముందు ఆవును తోలి, వెనుక తాము నడిచి, పాలు పొంగించుకుంటే మళ్ళీ అది ఇల్లవుతుంది.

అవ్వ అన్నీ విని ఒక్కటే అడిగింది.

"తొక్కు పెట్టి నెలన్న గాలె పంతులూ. జాడీ ఒక్కటి తెచ్చుకోనా?"

"జాడీ గూడ ఇంట్లదే గద తల్లీ. ఇంట్లది ఇంట్లనే ఉండాలె."

"మరి ఆరు నెల్లు ఏమేసుకొని తినాలె?"

"గది శాస్త్రంల లేదు," అన్నాడు పంతులు.

అవ్వ అప్పుడు ఏడ్చింది. మామిడికాయ తొక్కు కోసం ఏడ్చిందని అందరూ అనుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను, అట్లా అనుకుంటే సులువుగా ఉంటుందని.

సాలెల వాడలో ఒక అర్ర, ఒంటి గది, కిరాయికి తీసుకొని అవ్వను అందులో దింపాను. పక్కింటి మగ్గం పొద్దున మొదలైతే చీకటి పడేదాకా ఆడేది. నేను పట్నం వెళ్ళిపోయి పరీక్ష రాశాను. మంచి మార్కులు వచ్చాయి. తిమ్మిరికి కొన్ని ఉపయోగాలున్నాయి.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు, వాళ్ళూ వీళ్ళూ చెప్పగా విన్నాను. తాలూకాకు కొత్త తహసీల్దారు వచ్చాడు. మంచివాడు, కళలంటే ప్రాణం. ఒకరోజు మా సందులో నడుస్తూ వాకిలికి అడ్డంగా ఉన్న ముళ్ళ కంపను చూసి ఆగాడు. కిటికీలోంచి తొంగి చూశాడు. పొయ్యి మీద గిన్నె ఉంది. కొబ్బరి చిప్పల్లో రంగులు ఎండి ఉన్నాయి. కుంచెలు గూట్లో ఉన్నాయి. నులక మంచం మీద దుప్పటి, మనిషి ఇప్పుడే లేచి వెళ్ళినట్టు, సగం కిందికి జారి ఉంది. ఎవరిదని అడిగితే బొమ్మలేసేటాయనది, పోయిండని చెప్పారు. ఇంటివాళ్ళు లేరా అంటే ఉన్నరు గానీ దీంట్ల ఉండరాదన్నారు. ఎందుకుండరాదో ఆయన అడగలేదు. తనకు తెలుసనుకున్నాడు. పెద్ద పెద్ద మహాత్ములు పోయిన తర్వాత వాళ్ళ గదిని ముట్టుకోకుండా అట్లాగే ఉంచడం ఆయన తన ఊరి దర్గాలో చూసి ఉన్నాడు. ఇక్కడి బీదవాళ్ళు ఒక కళాకారుడి గౌరవం కోసం ఉన్న ఒక్క ఇంటినీ వదులుకున్నారని ఆయన కళ్ళు చెమర్చాయట. నా కళ్ళు చెయ్యవలసిన పనిని కచేరీవాళ్ళ కళ్ళు చేసిపెట్టాయి.

ముళ్ళ కంపను ఆయన స్వయంగా లాగేశాడు. నెల తిరిగేసరికి వాకిలి మీద ఉర్దూలో బోర్డు: ఫలానా ప్రసిద్ధ చిత్రకారుడి నివాసం, అజాయబ్‌ఖానా. అంటే వింత వస్తువులు పెట్టి జనానికి చూపించే జాగ, ఇంగ్లీషువాళ్ళు మ్యూజియం అనేది. జిల్లా నుంచి పెద్ద అధికారి పూలదండలతో వచ్చి తెరిచిపోయాడు. బాజాల చప్పుడు సాలెల వాడలో అవ్వకు వినపడింది.

మరి ఎవరూ అడ్డం చెప్పలేదా అంటే, సందులోవాళ్ళు సంతోషించారు. దోషమేదో సర్కారు నెత్తిన వేసుకుంటానంటే వద్దనడానికి వాళ్ళెవరు? అవ్వేమో గడువు లోపల అటువైపు పోకూడదు. నాకు ఉత్తరం రాయించడం ఎందుకు, చదువు పాడవుతుందనుకుంది. చలికాలం మొదట్లో గడువు తీరబోతుంటే నేను శాంతి చేయించడానికి వచ్చాను. అప్పుడు చెప్పింది.

"మనింట్ల సర్కారోళ్ళు దిగిన్రు బిడ్డా. ఏదో ఆట వెట్టిన్రు."

"ఏం ఆట?"

"ఏమో. మంది వస్తున్రు, పోతున్రు. బేస్తారం పొద్దుగాల మనం పాలు పొంగియ్యాలె. ఆ పొద్దు దాటితే మల్ల ముహూర్తం మాఘంల అన్నడు పంతులు. అంతదాక ఈ మగ్గం పక్కన ఉండుడు నాతోని గాదు. నా పొయ్యి కాడికి నేను పోవాలె. చదువుకున్నవు గద, పోయి అడిగి ఇల్లు తీస్కరా."

కోమటి దుకాణానికి పోయి ఉప్పు తీసుకురమ్మన్నట్టే చెప్పింది. గురువారానికి ఇంకా మూడు రోజులుంది. నేను సరేనన్నాను. ఆ రోజుల్లో ఎవరు ఏం చెప్పినా సరేననేవాణ్ణి.

ముందు ఒకసారి చూసి వద్దామని, గడువు తీరలేదు కాబట్టి అవ్వకు చెప్పకుండా వెళ్ళాను. పంట్లాం వేసుకున్నాను కాబట్టి వాకిట్లో జవాను లేచి నిలబడ్డాడు. యాభై ఏళ్ళ మనిషి, తలకు ఎర్ర పాగా.

"చెప్పులిడువున్రి సాబ్. ఏడికెల్లి వచ్చిన్రు?"

"పట్నం నుంచి," అన్నాను. అబద్ధం కాదు. ఇంకా దగ్గరి జవాబు ఒకటుంది గానీ, అది చెప్పేలోపల ఆయన కట్టె ఎత్తి మొదలుపెట్టాడు.

"గిది ఆయన ధ్యానం జేస్కునే జాగ."

వసారా మూలకు చూపించాడు. మేము కోళ్ళను గంప కింద మూసిపెట్టే మూల. బాపు అక్కడ వంగగా చూశాను, గుడ్ల కోసం.

"రోజూ చేసేవాడా?"

"పొద్దూ మాపూ. అన్నం లేదు, నీళ్ళు లేవు."

"బక్కగా ఉండేవాడేమో మరి."

"బొక్కలే సాబ్. ఉత్త బొక్కలు."

బాపు పాడె మోయడానికి నలుగురు చాలక, దారిలో మనుషులు మారవలసి వచ్చింది. నేను తల ఊపాను. లోపలికి పోయాం. మంచం చుట్టూ తాడు కట్టారు. దుప్పటి సగం జారి అట్లాగే ఉంది, జారిన చోట మేకు కొట్టారు, ఇంకా జారకుండా. ఒక గాజు డబ్బాలో సగం కాలిన చుట్ట. దాని కింద ఉర్దూ చీటీ: చిత్రకారుడు తాగిన చివరి చుట్ట. మా ఇంట్లో ఎవరూ చుట్ట తాగరు. గోడలకు సున్నం వేసిన కూలివాడు మరిచిపోయి ఉంటాడు. ఎవరిదైనా సరే, పాపం, ఆఖరిది కాకపోతే చాలు.

బాపు ఎప్పుడూ కూర్చునే చోట, ఆయన కుడి చేతి పక్కన గోడ మీద, కుంచె తుడుచుకునేవాడు. గుడ్డ పక్కనే ఉండేది గానీ చెయ్యి గోడ మీదికే పోయేది. ఏళ్ళ తరబడి తుడిస్తే అక్కడ ఒక చాటంత మేర ఎరుపూ నీలమూ పసుపూ అట్టకట్టాయి. ఆ గోడ గురించి అవ్వ ఆయన్ని తిట్టని పండుగ లేదు. ఇప్పుడు దాని చుట్టూ టేకు చట్రం బిగించారు. 'అసంపూర్ణ చిత్రం' అని రాసి ఉంది.

"దీంట్ల ఏమున్నదో చెప్పున్రి చూద్దాం," అన్నాడు జవాను.

"ఏముంది?"

"ఎవలకు తెల్వది. జిల్లా పెద్దసాబు చానసేపు నిలవడి తుఫాన్ అన్నడు. మా సాబు జన్నత్ అన్నడు, స్వర్గమన్నట్టు."

"నువ్వేమంటావు?"

"నేను జవాన్ని సాబ్. నన్నెవలడుగుతరు?" కొంచెం దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "ఎవలో కుంచె తుడుచుకున్నట్టు కొడుతది."

తర్వాత అల్మారీలో తెల్ల జాడీ చూపించాడు. మూతికి గుడ్డ కట్టి ఉంది, అవ్వ ముడే. చీటీ మీద 'ఎర్ర రంగు' అని ఉంది.

"మూత తియ్యరాదు. దూరం నుంచి వాసన జూడున్రి. ఎన్కటి రంగులు సాబ్, ఇప్పటి డబ్బాల రంగులకు గీ ఘాటుంటదా?"

వంగి చూశాను. మెంతిపిండి, వెల్లుల్లి, నూనెలో ఊరిన మామిడికాయ. ఇప్పుడు నాకేమైనా అవుతుందేమోనని కాసేపు ఆగాను. ఆకలైంది.

"అవునూ, బొమ్మలేవి?" అన్నాను బయటికి వస్తూ. ఒక్క పటం కూడా కనిపించలేదు.

"బొమ్మలా? బొమ్మలు అమ్ముకుంటడు గద సాబ్. ఇంట్ల ఎందుకు వెట్టుకుంటడు?"

ఇది మాత్రం అక్షరాలా నిజం.

మర్నాడు అవ్వను వెంటబెట్టుకొని కచేరీకి వెళ్ళాను. తెల్లవారేదాకా ఉర్దూలో ఒక ప్రసంగం తయారు చేసుకున్నాను. కాలేజీలో నా ఉర్దూకు పేరుంది. తహసీల్దారు ముందు నిలబడి, ఇల్లు ఎట్లా మాదో, మేము ఎందుకు తాత్కాలికంగా బయటికి రావలసి వచ్చిందో, ఆ ఆచారానికి ప్రాచీన ఆధారాలేమిటో, మూడు ఉపమానాలతో విన్నవించాను. ఆయన కళ్ళు మూసుకొని విన్నాడు. మధ్యలో ఒకచోట "వాహ్" అన్నాడు. అయిపోయాక రెండో ఉపమానాన్ని మళ్ళీ చెప్పమన్నాడు.

"ఏం జబాన్ బేటా! మీ నాయిన చేతిల కుంచె, నీ నోట్ల జబాన్." అవ్వకు అర్థం కావాలని ఆయన తెలుగులోకి వచ్చాడు. "గానీ ఆ ఇల్లు ఇప్పుడు నీది గాదు. ముల్కుది, దేశానిది. రిపోర్టు పైకి పోయింది, పైకెల్లి మంజూరొచ్చింది. ఇప్పుడు నేను 'మాఫ్ చెయ్యున్రి, అది ఉత్త ఇల్లు' అని రాస్తే నన్ను దీవానా అంటరు. అమ్మకు ఇంకో ఇల్లు ఇప్పిస్త. దీనికంటే మంచి పెంకులున్నయి."

నా దగ్గర ఇంక ఉపమానాలు లేవు. కుర్చీ ఇచ్చినా కూర్చోకుండా కింద గోడకు ఆనుకొని కూర్చున్న అవ్వ, కొంగు సవరించుకొని అడిగింది.

"సాబ్, నువ్వు లోపలికి పోయినవా?"

"పోకుంటెట్లమ్మా? రెండు రోజులకోసారి పోత. మనసు నిమ్మళమైతది."

"బయటికొచ్చినంక కాళ్ళు కడుక్కున్నవా?"

"లేదు. ఎందుకు?"

"పిల్లలెందరు నీకు?"

ఆమె బెదిరించడం లేదు. అది తెలిసినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. ముక్కూ మొహం తెలియని మనిషి మా దోషంలో కాలు పెట్టాడని ఆమెకు నిజంగా బాధగా ఉంది. నక్షత్రం సంగతి, కంప సంగతి, గడువు లోపల గడప తొక్కితే కీడనే సంగతి, నేను ఉర్దూలో ఉపమానాల మధ్య దాచిపెట్టినవన్నీ, ఆమె ఒక్కొక్కటిగా బయట పెట్టింది. తహసీల్దారు మొహం మారుతూ వచ్చింది.

"ఇది నిజమేనా?" అన్నాడు నాతో.

"నేను సైన్సు చదువుకున్నాను, జనాబ్."

"నేనడిగింది అది గాదు."

"ఊళ్ళో నమ్ముతారు," అన్నాను.

ఆయన కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "కంప నేనే గుంజిన. ఈ చేతులతోని." తర్వాత తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పాడు. "వానలప్పటి నుంచి బేగంకు చలిజ్వరం. విడిచినట్టే విడిచి మల్ల వస్తది. నా గుర్రం కుంటుతున్నది. పోయిన నెల నా మెడ మీద సెగ్గడ్డ."

ఆ వానల్లో సిద్దిపేటలో సగం మందికి చలిజ్వరం వచ్చింది. వాళ్ళెవరూ మా గడప తొక్కలేదు. ఈ మాట నా నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఎప్పుడు నోరు మూసుకోవాలో కూడా చదువే నేర్పుతుంది.

"పరేషాన్ గాకు సాబ్," అంది అవ్వ. "మా శాంతిల నీ పేరు గూడ చెప్పిస్త."

"నన్ను గూడ కలుపుతరా?"

"ఎందుకు కలపం? నువ్వు మంచిగ అనుకొనే చేస్తివి. నీ పెండ్లాం పేరు గూడ చెప్పిస్త. గానీ సాబ్, శాంతి ఆ ఇంట్లనే చెయ్యాలె. చేసినంక మేం ఆ ఇంట్లనే పండుకోవాలె. ఇంకో ఇంట్ల చేస్తే పని చెయ్యది."

తహసీల్దారు కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ చెట్టు కింద గుర్రం మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది.

"కాగితం మీద అది అజాయబ్‌ఖానానే ఉండాలె," అన్నాడు చివరికి. "మంది రావాలె, చూడాలె. జవాను ఉంటడు."

"ఉండనీ. నేనేం జేస్త ఆయన్ని?"

"నువ్వు పొయ్యి రాజేసుకో అమ్మా. కాగితానికి పొగ కనపడది."

అట్లా మా ఇల్లు మాకు తిరిగి వచ్చింది. పూర్తిగా రాలేదు. కానీ నేను ఆ రోజుల్లో ఏదీ పూర్తిగా తీసుకునే స్థితిలో లేను కాబట్టి పెద్ద తేడా తెలియలేదు.

గురువారం పొద్దున పంతులు వచ్చాడు. ఒక గొల్లాయన ఆవును తోలుకొచ్చాడు. జవాను వాకిట్లో అడ్డం నిలబడి, చెప్పులకు నిషేధం ఉంది గానీ గిట్టల గురించి తనకు హుకుం లేదన్నాడు. తహసీల్దారు వెనుక నుంచి "జానే దో" అన్నాక తప్పుకున్నాడు. ఆయన షేర్వానీ వేసుకొని, టోపీ పెట్టుకొని, గడపకు అవతలే, చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

పంతులు మా పేర్లు చెప్పి, గోత్రం చెప్పి, ఆయన వైపు తిరిగాడు. అలవాటులో అడిగేశాడు.

"గోత్రం?"

తహసీల్దారు గొంతు సవరించుకొన్నాడు.

"మాది బీదర్."

పంతులు ఆలోచించాడు. ముప్పై ఏళ్ళ పౌరోహిత్యంలో ఈ జవాబు తగిలి ఉండదు. "సరే," అని బీదర్‌ను అట్లాగే సంకల్పంలో కలిపేశాడు. తర్వాత బేగం గారి పేరు అడిగాడు. అది కూడా అయ్యాక తహసీల్దారు ఒక అడుగు ముందుకు వేసి మెల్లగా, "గుర్రం?" అన్నాడు. గుర్రాన్ని కూడా కలిపారు.

లోపలికి పోగానే అవ్వ పొయ్యి దగ్గరికి పోతుందనుకున్నాను. నేరుగా అల్మారీ దగ్గరికి పోయింది. జాడీ దించి, ముడి విప్పి, వేలు పెట్టి నాలిక మీద వేసుకుంది.

"బూజు వట్టలె," అంది.

"అరెరె, రంగు తింటున్నది," అన్నాడు జవాను.

తర్వాత పొయ్యి రాజేసి పాలు పెట్టింది. పొంగేలోపల ఇల్లంతా ఒక చుట్టు చూసుకుంది. చట్రం బిగించిన గోడ దగ్గర ఆగింది.

"దీన్ని తీసెయ్యి," అంది జవానుతో. "రేపు సున్నం ఏస్త. ఎన్నేండ్ల సంది అనుకుంటున్ననో."

"వద్దమ్మా!" తహసీల్దారు గడప అవతల నుంచే అరిచినంత పని చేశాడు. "దాన్ని మాత్రం ముట్టకున్రి."

"మరకలు సాబ్ ఇవి."

"మరకలని నాకు గూడ తెలుసు."

అవ్వ ఆయన వైపు చూసి, మళ్ళీ గోడ వైపు చూసింది. చెయ్యి ఎత్తి, ముట్టుకోకుండా దించేసింది. "గుడ్డ ఒళ్ళెనే పెడుదును. చెప్పినకొద్ది గోడకే తుడిచేటోడు," అంది. బాపు పోయాక ఆయన గురించి ఆమె మాట్లాడగా నేను వినడం అదే మొదలు. "ఉండనీ తియ్."

నా కాలి వేళ్ళ దగ్గర ఏదో కదిలినట్టైంది. తిమ్మిరి దిగుతుందేమో, ఇంత మంది ముందు సూదులు మొదలవుతాయేమో అని భయపడ్డాను. అంతలో ఆవు, సరిగ్గా ధ్యానం చేసే జాగలో, పేడ వేసింది. పంతులు శుభం శుభం అన్నాడు. అందరూ అటు తిరిగారు. పొయ్యి మీద పాలు పొంగాయి.

మర్నాడు పది గంటలకు జవాను తాళంచెవి పట్టుకొని వచ్చి, తలుపు తీసే ఉండడం చూసి వాకిట్లో ఆగిపోయాడు. తెరవడం ఆయన పని. తెరిచి ఉన్న దాన్ని ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు.

"లోపలికి రా, గట్ల నిలవడ్డవేంది?" అంది అవ్వ.

"మంది వచ్చిన్రమ్మా. ఇద్దరు."

"రానీయ్. జర వంట కానీయ్."

అప్పటి నుంచి ఆ అజాయబ్‌ఖానా వేళలు అన్నం ఉడికే వేళను బట్టి మారుతుండేవి. పైకి పోయే రిపోర్టులో ఈ సంగతి రాయలేదని తర్వాత తెలిసింది. గుర్రం కాలు బాగైంది. బేగం గారికి జ్వరం తగ్గింది, చలికాలంలో అందరికీ తగ్గినట్టే.

ఆ రోజు వచ్చిన ఇద్దరు బెజ్జంకి రైతులు. తండ్రీ కొడుకులు. కచేరీలో భూమి పని మీద వచ్చి, సాబు ఇంకా రాలేదని, పొద్దుపోక చూడడానికి వచ్చారు. నేను మధ్యాహ్నం బస్సుకు పట్నం పోవాలి కాబట్టి అవ్వ నాకు ముందే వడ్డించింది. పీట మీద కూర్చొని తింటున్నాను. జవాను వాళ్ళకు మంచం చూపించాడు, చుట్ట చూపించాడు, గోడ చూపించాడు. జాడీ ఉండవలసిన చోట ఖాళీగా ఉంటే కట్టె ఒక క్షణం ఆగి, పక్కకు జరిగి నా మీదికి వచ్చింది.

"గీయన ఆయన కొడుకు."

ఇద్దరూ నన్ను చూశారు. చూడడానికి వచ్చినవాళ్ళు కాబట్టి బాగా చూశారు.

"బొమ్మలేస్తడా?" అన్నాడు తండ్రి.

"లేదు," అన్నాడు జవాను. "చదువుకున్నడు."

"అయ్యో," అన్నాడు తండ్రి.

నేను పెరుగు కలుపుకున్నాను. పొయ్యి దగ్గర నుంచి అవ్వ తల ఎత్తింది.

"ఎవలయ్యా, ఏ ఊరు? అన్నం తిన్నరా?"

"బెజ్జంకి తల్లీ. చూడొచ్చినోళ్ళం, తినొచ్చినోళ్ళం గాదు."

"నేను పొయ్యి ఆర్పినంక వస్తే చూసి పోదురు. పొయ్యి మీద అన్నముండంగ వచ్చిన్రు. కూసోన్రి."

వాళ్ళు జవాను వైపు చూశారు. జవాను కట్టెను గోడకు ఆనించి, రెండు విస్తర్లు తీసుకున్నాడు. కొద్దిగా ఆలోచించి మూడోది కూడా తీసుకున్నాడు. నేను పీటతో సహా కొంచెం పక్కకు జరిగాను.